సురేకారపు పదును

శరత్తు వెనుదిరిగి చూచుచు సాగిపోవ హేమంతము తొలియడుగిడుటకు సంకోచించుచున్న మార్గశిరమాసపు తొలినాళ్లలో నొక మధ్యాహ్నమున మానేటి యొడ్డునగల గుండ్లవెల్లి గ్రామముపై నాకసము తోమని కంచుపళ్లెరమువలె మసకబాఱి యుండెను. కోతలు ముగిసిన పొలములలో కొయ్యకాళ్ల నడుమ నిలిచిన పలుచని నీటిపొరలు వెలుగుడిగిన యద్దములై మేఘములను మరల మేఘములకే చూపుచుండెను. ఊరికి తూర్పుననున్న తాటివనము గాలి యే దిక్కునుండి వచ్చునో నిశ్చయింపజాలని సేనవలె కదలక మెదలక నిలిచియుండ మట్టల సందులనుండి యప్పుడప్పు డొక పొడి గలగల వినవచ్చి యంతలోనే యణగిపోవుచుండెను. దూరసముద్రమున పుట్టిన తుపాను తన రాకకు ముందుగా తన మౌనమును పంపినట్లుండెను.

అట్టి యుక్కపోతలో కమ్మరి వంగోజు భద్రాచారి తన కొలిమి వసారాలో నొక లోతైన యినుప మూకుటి యెదుట మోకాళ్లపై కూర్చుండి రెప్పవేయక చూచుచుండెను. మూకుటిలో కరగిన యుప్పు నీటివలె తేటయై పొగలేక సడిలేక నిలిచియుండెను. ఆ ద్రవమునకు తాకునట్లు రెండు గరిటెలు వ్రేలాడదీయబడి యొకదానిలో తగరపు ముక్కయు మఱియొకదానిలో సీసపు ముక్కయు నుండెను. తగరము కరగవలెను. సీసము కరగరాదు. ఆ రెంటి నడిమి కాకయే యాతనికి కావలసినది. అది తప్పెనా చేతిలోనున్న కడపటి యుక్కు వ్యర్థమగును.

"ఇంక కాలేదన్నా. జెర ఆగు" అని పొయ్యి కడనున్న ఉప్పరి గంగారాము మెల్లగా పలికెను. తిత్తి కఱ్ఱ పట్టుకొని లోపల సాయవ్వ నిలిచియుండెను. ఆమె చూపు మూకుటిపై గాక వాకిటి యావలి యాకసముపై నుండెను.

ఈ మువ్వు రిచ్చట నిట్లు కూడుటకు కారణము గడచిన మాఘమున జరిగిన యొక దుర్ఘటన. సాయవ్వ పెనిమిటి యంజాగౌడు ఆ తాటివనమున ముప్పది చెట్లు గీయువాడు. గీతకత్తి యనగా గెలను తమలపాకంత పలుచని పొరలుగా చెక్కి కల్లు ఊఱజేయు జానెడు కత్తి. గీతగాని బ్రదుకు నడుమునకు చుట్టిన మోకుపై నెంత యాధారపడునో చేతిలోని కత్తిపై నంతయు నాధారపడును. ఆనాటి యుదయమున నలువదడుగుల యెత్తున మట్టను నఱకుచుండగా నంజాగౌని చేతిలోని క్రొత్తకత్తి నడిమికి విఱిగెను. దెబ్బ గుఱి తప్పి చేత మిగిలిన మొండికత్తి మోకునకు తగిలెను. మోకు తెగెను. వానికి ప్రాణము దక్కెను గాని నడుము దక్కలేదు.

ఆ కత్తి భద్రాచారి చేసినది. గీతగాండ్ర కత్తులు విఱుగుట క్రొత్తగాదు గనుక నూరివారు దానిని దైవముపై వైచిరి. అంజాగౌడు సైతము కమ్మరిని పల్లెత్తు మాట యనలేదు. కాని భద్రాచారి యొక్కనికే తెలిసిన దొకటి కలదు. ఆ కత్తిని ఎఱ్ఱగా కాల్చి పదునుకై, అనగా ఉక్కు గట్టిపడుటకై, నీటిలో ముంచిననాడు బుసబుసల మధ్య గోటితో పెంకు మీటినంత సన్నని చిటుకు వినబడెను. ఉక్కులో నెచ్చటనో కంటికి కానరాని పగులు పుట్టినప్పటి సడి యది. నలువదియేండ్లుగా కొలిమి కడ కూర్చున్న చెవికి దానిని పోల్చుకొనుట కష్టముగాదు. ఆతడు కత్తిని త్రిప్పి త్రిప్పి చూచెను. ఏమియు కనబడలేదు. వాకిట నంజాగౌడు నిలిచి చెట్లు ఎండుచున్నవని తొందరపెట్టుచుండెను. విన్నది విననట్లు భద్రాచారి దానిని నూఱి పిడి తొడిగి చేతికిచ్చెను. నాటినుండి యాతడు నాగటికఱ్ఱులు సాగగొట్టెను, బండిచక్రములకు పట్టాలు వేసెను గాని పదును పెట్టవలసిన కత్తి నొకదానిని చేపట్టలేదు. అడిగినవారికి చూపు మందగించినదని చెప్పుచుండెను.

పదిదినములకు ముందు సాయవ్వ వచ్చి కొలిమి యెదుట నిలిచెను.

"చారన్నా, గీతకత్తి కావాలె."

"ఎవరికి చెల్లె?"

"నాకే. ఈయేడు చెట్లు నేనెక్కుత."

భద్రాచారి సమ్మెట దించెను. ఆమె తన యఱచేతులు చాపెను. మోకు ఒరసి కాయలు కాచిన చేతులవి. "ఆరు నెలల సంది నేర్చుకుంటున్న. ఆయన కింద మంచమేయించుకొని పండి చెప్తడు, నేనెక్కుత. పంచమి దాంక గీత మొదలువెట్టకుంటె గుత్తదారు మా చెట్లు ఇంకొకనికిస్తడు. ఆ చెట్లు పోతె ఆయన మనసు గూడ పోతది. అందుకని ఎక్కుతున్న."

"నా చూపు సక్కగ లేదు. పక్కూర్ల మంచి కమ్మరోళ్లున్నరు."

"ఉన్నరు. గని ఒకపారి నీ కత్తి ఇరిగింది గదా, రెండోపారి నువ్వు ఇరగనియ్యవు. ఆ బుగులు వాళ్లకుండదు."

ఆమె నిష్కపటముగా పలికిన యా మాట భద్రాచారి గుండెలో మేకువలె దిగెను. ఆతడు సరేయనెను. నిజము మాత్రము చెప్పలేదు.

ఉక్కు కొఱకాతడు రైలుమరమ్మతు కొట్టములో నెన్నడో కొన్న ఇనుము నరగదీయు పాత యాకురాళ్లు మూటినుంచెను. వానిలో మొదటిది కత్తిగా సాగి నీట మునిగినంతనే చిటుక్కుమనెను. భద్రాచారి దానిని వెంటనే దాగలిపై పెట్టి తునుకలు చేసెను. రెండవదానిని నూనెలో ముంచెను. అది పగులలేదు గాని పాముపిల్లవలె మెలితిరిగెను. చక్కజేయబోవ ఫెళ్లున విఱిగెను. ఆఱుదినము లిట్లు గడచెను. ఒక్క యాకురాయి మిగిలెను.

అప్పుడే గంగారాము తన పారకు కఱ్ఱు వేయించుకొనుటకు వచ్చి దాగలి క్రింద పడియున్న తునుకలను చూచెను. గంగారాము పాతగోడల మన్నును పశువుల కొట్టముల మన్నును వడగట్టి కాచి సురేకారము తీయువాడు. ఆతని రెండు చేతులు మోచేతులవఱకు స్ఫోటకము పోసి మానినట్లు మచ్చలతో నిండియుండును. తునుక నొకదానిని త్రిప్పి చూచి యాతడు విఱిగిన చోటును వ్రేలితో తడవెను.

"నీళ్లు ఉక్కును కొడుతయన్నా. పైన గట్టిపడ్డంక గూడ లోపల ఎర్రగనే ఉంటది. రెండూ గుంజులాడుకుంటయి, పగులుతది. మా తాత తుపాకులల్ల ఉండే కమాన్ పట్టీలకు కరిగిన సురేకారంల పదును పెట్టెటోడు. అండ్ల ఉక్కు లోపల బయట ఒక్క తీరుగ సల్లారుతది."

"సురేకారం కరిగేటంత కాకల అంచు మెత్తబడదా?"

"ఒట్టి సురేకారమైతె మెత్తబడుతది. చెరుకు తోటలకు చల్లే సీమ ఉప్పు ఉంటది సూడు, అది సగం కలుపాలె. రెండూ కలిస్తె తక్కువ కాకకే కరుగుతయి." అని యాతడు తన మచ్చల చేతులను చూచుకొనెను. "గని దానికి రెండు పడవు. నీటి సుక్క లోపలికి పోయిందా, మూకుడంత ఎగుస్తది. బొగ్గు పడ్డదా, అంటుకుంటది. మా తమ్ముడు తడి గరిటె ముంచిండు. వాని మొకం మేము గుర్తువట్టలే."

భద్రాచారి తన కొలిమిని కలయజూచెను. ఒక మూల బొగ్గురాశి. మఱియొక మూల నీటితొట్టి. ఆ రెండునుదప్ప నా కొలిమిలో మూడవ వస్తువు లేదనిపించెను.

మూడుదినములు సన్నాహము జరిగెను. తొట్టి తోడి తుడిచి యెండబెట్టిరి. నేలను ముమ్మాఱు ఊడ్చి పొడియిసుక పఱచిరి. కొలిమికి రెండడుగుల దూరమున వసారాలో రేకుల క్రింద మూకుటిని నిలిపిరి. అంతకంటె దూరమైన పలుచని యుక్కు దారిలోనే చల్లాఱును. అంతకంటె దగ్గఱైన నిప్పురవ్వ యెగిరి పడును. కత్తికి బొగ్గు అంటకుండ నొక యినుప గొట్టమును నిప్పులలో పాతి దానిలో కత్తినుంచి కాల్చుటకు నిశ్చయించిరి. కడపటి యాకురాయిని భద్రాచారి స్వహస్తముతో సాగగొట్టి పొడవైన తోకతో కత్తిగా దిద్దెను. ఆ దినము తప్పిన పంచమి కొక్కదినమే మిగులును. ఆ యొక్కదినము నూఱుటకును పిడి తొడుగుటకును కావలెను.

ఇక నా మధ్యాహ్నమునకు వత్తము.

గరిటెలోని తగరపు ముక్క మొదట నంచుల మెఱసి పిమ్మట నెండలో వెన్నవలె క్రుంగి వెండిబొట్టుగా మాఱెను. సీసము కదలలేదు. "అయింది" అని గంగారాము పొయ్యినుండి రెండు కట్టెలు వెనుకకు లాగెను. భద్రాచారి లేచి కత్తిని గొట్టములో దూర్చెను. సాయవ్వ తిత్తి నొక్కెను. నిప్పులు బుసకొట్టెను. గొట్టపు నోటిలోని చీకటి మెల్లగా కెంపువన్నె దాల్చుచుండెను.

అప్పుడు గాలి లేచెను.

అది వచ్చిన దిక్కెవరికిని తెలియలేదు. తాటివనమంతయు నొక్కపెట్టున హోరుమనెను. వాకిటి దుమ్ము సుడి తిరిగి వసారాలోనికి చొచ్చెను. కొలిమినుండి లేచిన నిప్పురవ్వ యొకటి గాలిలో తేలుచు వచ్చి మూకుటి యంచున వ్రాలెను. గంగారాము మచ్చలచేతితోనే దానిని తట్టి యావల పడద్రోసెను. రేకులపై మొదటి చినుకులు ఱాళ్లు విసరినట్లు మ్రోగెను.

"ఆపుదామన్నా" అనెను గంగారాము. "పొయ్యి గుంజేస్త. ఉప్పు గట్టిపడేదాంక అందరం బయటికి పోదాం. ఇది వానల జేసే పనిగాదు."

ఆ మాట వినగానే భద్రాచారి మనసులో నొక చల్లని నెమ్మది కలిగెను. పని యాగును. పంచమి దాటిపోవును. కత్తి యుండదు, ఆమె చెట్టెక్కదు, ఎవరును పడరు. తుపాను చేసిన దానికి కమ్మరిని తప్పుపట్టువా రెవరు? కాని యా నెమ్మది యెచ్చటిదో యాతడు వెంటనే గుఱుతించెను. వాకిట నిలిచిన యంజాగౌని తొందరపై భారము మోపి చిటుకును మఱచిననాటి నెమ్మదియు నిట్టిదే.

సాయవ్వ తిత్తిని విడిచి బయటికి పోయెను. గోడ కానించియున్న పాత రేకు నెత్తుకొని వసారా యంచున గాలివాటునకు దానిని నిలిపి తన వీపును వానకిచ్చి నిలుచుండెను. రేకును మించిన గాలి. ఆమె కాళ్లు నేలలో పాతుకొన్నట్లుండెను. చెట్టుపై మోకునకు వ్రాలి నిలుచుట నేర్చిన కాళ్లవి.

"కాల్చు అన్నా" అనెను. "నేను వట్టుకున్న."

భద్రాచారి తానే తిత్తి నొక్కెను. గొట్టములో కత్తి దానిమ్మగింజ వన్నెకు వచ్చెను. ఇంకొక్క యూపిరి. ఇంకొక్కటి. ఆ క్షణముననే రేకు సందునుండి చొచ్చిన చినుకు మూకుటి మీద పడెను. లోనికి దిగకమునుపే యది చుఱ్ఱుమని యెగయ లేచిన యుప్పు తుంపర సాయవ్వ ముంజేతిపై పడి తెల్లగా అంటుకొనెను. ఆమె పెదవి కఱచుకొనెను గాని చేయి కదల్పలేదు. గంగారాము తన తలపాగ విప్పి రేకు సందున క్రుక్కెను.

భద్రాచారి పొడిపట్టకారుతో కత్తి తోకను పట్టి రెండడుగులు వేసెను. ఆ రెండడుగులు రెండామడలుగా తోచెను. అంచు క్రిందుగా కత్తి ద్రవములోనికి దిగెను. బుస లేదు. ఆవిరి లేదు. ఎఱ్ఱదనము నీటిలో మునిగిన దీపమువలె క్షణములో నాఱిపోయెను. కత్తిని మెల్లమెల్లగా నిటునటు త్రిప్పుచు నాతడు లెక్కింపసాగెను. అఱువది వఱకు వచ్చునప్పటికి గంగారాము "సీసం వంగుతున్నది" అనెను. గరిటెలో సీసపు ముక్క మూల యొకటి గుండ్రమగుచుండెను. ఆతడు పొయ్యిలోని కట్టెల నన్నిటిని చేతులతోనే వెలికి లాగి యిసుక చల్లెను. భద్రాచారి లెక్క యాపలేదు. నూటయిరువది. కత్తిని పైకెత్తెను.

కొన యొకింత యెడమకు వంగియుండెను. కాని యప్పటి కింకను గట్టిపడని యుక్కు అది. లోపలి మార్పు గాలిలో చల్లాఱునప్పుడే జరుగునని గంగారాము ముందే చెప్పియుండెను. తోలుతొడుగు వేసిన యఱచేతితో కొయ్యదిమ్మపై నదిమిన కొన పచ్చితాటాకువలె వంగి సమమయ్యెను. ఇక మిగిలినది నిరీక్షణము.

చల్లాఱుచు గట్టిపడు నా కొన్ని నిమిషములలోనే ఉక్కు తన గుట్టు బయటపెట్టును. పగులవలసియున్న నప్పుడే చిటుకుమనును. కాని రేకులపై వాన కురియు హోరులో పక్కవాని మాటయే వినబడదు. గోటితో పెంకు మీటినంత సడి యెట్లు వినవచ్చును? ఒకమా రా సడిని విని కాదనుకొన్నవాడు నేడు వినలేకపోయితినని యెట్లు చెప్పగలడు?

భద్రాచారి కత్తి తోకకు పొడి తోలుముక్క చుట్టెను. ఆ తోక నిప్పుల కెడముగా నుండుటచే కాలలేదు. దానిని పండ్ల నడుమ గట్టిగా కఱచి పట్టి రెండు చెవులను అఱచేతులతో మూసికొనెను. వాన యెక్కడికో దూరమయ్యెను. తన నెత్తురు ప్రవహించు సడి వినబడెను. పుఱ్ఱెలోపల నెచ్చటనో కత్తి చల్లాఱుట యొక సన్నని గుయిమను మ్రోతవలె నెముకలగుండ ప్రాకుచుండెను. ముఖమునకు జానెడు దూరమున నున్న యుక్కు వేడి యాతని మీసములను కమర్చుచుండెను. కనులనుండి నీరు కారెను. అది వేడికో మఱి దేనికో చూచినవారు చెప్పలేరు. మ్రోత సన్నగిల్లెను. సన్నగిల్లి నిలిచిపోయెను. చిటుకు రాలేదు.

ఆతడు పండ్లు విప్పినప్పుడు దవడ తెఱచుకొనుటకు కొంతసేపు పట్టెను. "ఇనవడలే" అనెను. "ఏమీ ఇనవడలే."

వాన వెలిసినపిదప పొయ్యి మరల రాజేసి కత్తిని తుడిచి వెచ్చజేసి తగరము కరగీకరగని కాకలో గడియ సేపు మరల నుప్పులో నుంచిరి. దానిచే పెళుసుదనము తగ్గును. పిమ్మట వేడినీట కడుగగా కత్తి బూడిదవన్నెలో నిగనిగలాడెను. భద్రాచారి యంచును ఱాతిపై నాలుగుమాఱులు నూఱి తన గోటిపై నానించెను. గోరు వెంట్రుకవంటి చివురుగా లేచెను. కొననదిమి వంచి విడిచెను. కత్తి మరల సమమై నిలిచెను.

సాయవ్వ కాలిన ముంజేతికి వెన్న రాచుకొనుచు మొదటిసారి నవ్వెను. "ఇగ నాకు బయం లేదన్నా" అనెను.

ఆమె యట్లు నవ్వకున్న నాతడు నాడును మౌనముగానే యుండిపోవునేమో. పని ఫలించినది. అడుగువారు లేరు. ఒక మంచికత్తి వెనుక నొక చెడుకత్తి కథ మఱుగుపడిపోవును. కాని యా నవ్వునకు తాను పాత్రుడు గాడని యాతనికి తెలియును.

"సాయవ్వా" అనెను. "అంజన్న కత్తికి పదును పెట్టిననాడు చిటుకుమన్నది. నేనిన్న. ఇని గూడ ఇచ్చిన."

గంగారాము తలవంచుకొని యిసుకను కాలితో గెలుకసాగెను. సాయవ్వ ముఖమున నవ్వు ఒక్కమాఱుగా పోలేదు. చమురు తగ్గిన దీపమువలె మెల్లగా పోయెను. కత్తిని చేత పుచ్చుకొని యామె, "నాతోని ఎందుకు చెప్తున్నవ్? ఆయనకు చెప్పు. నడువు" అనెను.

అంజాగౌడు గుడిసెలో కుక్కిమంచముపై గోడ కానుకొని యుండెను. సాయవ్వ కత్తిని పెనిమిటి చేతికిచ్చెను. భద్రాచారి గడపలోపలికి పోలేదు. అచ్చటనే నిలిచి యొక్కమాట దాచక చెప్పెను. చెప్పుట ముగిసినను అంజాగౌడు కత్తినే చూచుచుండెను. దానిని వంచి చూచెను. బొటనవ్రేలితో నంచును తడవెను. పిమ్మట ప్రక్కన పెట్టెను.

"ఆ పొద్దు నేను గూడ తొందరపెట్టిన" అనెను. "తొందర నాది. చెవి నీది."

"అవు."

"మాఫ్ చేసిన అని నోటితోని అనరాదు చారీ. అంటె అబద్ధమైతది." ఆతడు కదలని తన కాళ్లవైపు చూచుకొనెను. "దీనికి చెట్లెక్కుడు నేను నేర్పిన. ఎక్కినప్పుడల్ల కింద నేనుండాలె. బురదల నా మంచం ఎవలు మోస్తరు? ఈ యేడంత నువ్వుండు. ముప్పై చెట్లు, పొద్దుగాల మాపటికి. అది దిగేదాంక తల దించకు."

భద్రాచారి సమ్మతించెను.

మార్గశిర శుద్ధపంచమినాడు తెల్లవాఱి మంచు తెఱలు మెల్లగా విడిపోవునప్పటికి వనమున మొదటి చెట్టు క్రింద నాతడు నిలిచియుండెను. క్షమ యను మాట యెల్లరకును నోటిమాటగానే లభింపదు. కొందఱకది యొక పనిగా లభించును. దినదినమును చేయవలసిన పనిగా, మెడనొప్పిగా, పాదముల క్రింది తడినేలగా లభించును. అట్లు లభించిన క్షమ సులువైనది గాకపోవచ్చును గాని దానిని పొందువాడు దానిలో నిలువ నేర్చును.

సాయవ్వ మోకు బిగించి మూడుమాఱులు లాగి చూచుకొని యెక్కసాగెను. ఆమె పాదములు మంచులోనికి పోయి కనుమఱుగై మరల నెండ తాకినచోట కనబడెను. చెట్టుతల కడ కత్తి కదలెను. పలుచని పచ్చని పొర లొక్కొక్కటి గాలిలో తిరుగుచు వచ్చి పైకెత్తిన యాతని ముఖముపై వ్రాలుచుండెను. ఆతడు తుడుచుకొనలేదు.

"చారన్నా" అని పైనుండి పిలుపు వచ్చెను. "మెడ నొస్తున్నదా?"

"నొస్తున్నది చెల్లె" అనెను భద్రాచారి. కాని తల దించలేదు.